నూటికి 28: మా అట్టపెట్టెల యూనిట్‌లో వసూళ్లు కొలవడం మొదలుపెట్టాక

జనవరి 8, బుధవారం. పదకొండున్నరకి బ్యాంకు నుంచి ఫోను. "అమ్మా, మీరు కాగితం రీళ్ల పార్టీకి ఇచ్చిన తొమ్మిది లక్షల చెక్కు క్లియరింగ్‌కి వచ్చింది. ఖాతాలో నాలుగు లక్షలు తక్కువ. మూడింటి లోపు సర్దుతారా, రిటర్న్ చేసెయ్యమా?"

పాతికేళ్ల పైబడిన యూనిట్ మాది, విజయవాడ ఆటోనగర్‌లో. ఒక్క చెక్కూ వెనక్కి పోలేదని మావయ్యగారు పదిమందిలో చెప్పుకుంటారు. ఆ రోజు ఆయనకు తెలియకూడదని మా అన్నయ్య దగ్గర రెండు లక్షలు తీసుకుని, మిగతా రెండింటికి నా గొలుసు, గాజులు తాకట్టు పెట్టాను. రెండుంబావుకి కట్టేశాం. ఇంటికొచ్చాక చేతులు వణకడం ఆగడానికి చాలాసేపు పట్టింది.

నాకు అర్థంకానిదల్లా ఒకటే. రెండు షిఫ్టులు మెషీన్లు తిరుగుతున్నాయి. నెలకు 45 లక్షలకు తక్కువ కాకుండా బిల్లులు వేస్తున్నాం. నష్టానికి అమ్మడం లేదు. మరి డబ్బు ఏదీ? బ్యాంకుకి వెళ్లి అడిగితే చూపించారు. మేమిచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో 90 రోజులు దాటిన బాకీలను వాళ్లు లెక్కలోకి తీసుకోరు. అవి పెరిగిన కొద్దీ మేం వాడుకోగలిగే సీసీ, అంటే బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు, తగ్గుతూ వచ్చింది. డిసెంబరులో ఒక్కసారిగా పడింది.

మావారు ప్రతి నెలాఖరునా ఒక లెక్క వేసుకునేవారు. ఈ నెల అమ్మకం ఎంత, ఈ నెల వసూలు ఎంత. జనవరిలో అమ్మకం 46 లక్షలు, వసూలు 42. "నూటికి 91 వచ్చింది కదా, ఇంకేం కావాలి" అన్నారు. నాకూ ఆ మాట సబబుగానే తోచింది. ఏళ్ల తరబడి మేం చూసుకున్న అంకె అదొక్కటే.

ఫిబ్రవరి 3న ఆడిటరుగారి దగ్గరికి వెళ్లాం. ఆయన నాలుగు అంకెలు అడిగారు: జనవరి ఒకటిన రావాల్సిన బాకీ, జనవరిలో అరువు మీద వేసిన బిల్లులు, 31న మిగిలిన బాకీ, అందులో ఇంకా గడువు దాటనిది. మొదటి మూడూ అక్కడికక్కడే చెప్పాను. నాలుగోది ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో తీసి చూపిస్తే ఆయన ఒక్క నిమిషం చూసి, "ఇది నమ్మడానికి లేదమ్మా. ముందు బిల్లువారీగా సరిచేసుకుని రండి" అన్నారు.

ఆ సరిచేసుకోవడానికి 20 రోజులు పట్టింది. ఈ పనిలోకి దిగే వాళ్లందరికీ గట్టిగా చెప్పాలనిపించేది ఇదే. సూత్రం అయిదు నిమిషాల పని. దానిలో వేసే అంకెలను నిజం చేయడమే అసలు కష్టం. మా గుమాస్తా బాబాయిగారు డబ్బు రాగానే పార్టీ ఖాతాలో "ఆన్ అకౌంట్" అని జమ వేసేవారు. ఏ బిల్లుకి వచ్చిందో ముడిపెట్టేవారు కాదు. అలా 19 లక్షలు గాల్లో ఉన్నాయి. మొత్తం బాకీలో తేడా లేదు. ఏ బిల్లు తీరింది, ఏది తీరలేదు అన్నది మాత్రం అంతా తారుమారు. ఏలూరు పార్టీ ఒకాయనకి నేనే మూడుసార్లు ఫోన్ చేసి గట్టిగా అడిగి ఉన్నాను. "అమ్మా, ఆ బిల్లు నవంబరులోనే వేశాను" అంటే నమ్మలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వెతికితే నవంబరు 18న ఉంది. ఆయనకు ఫోన్ చేసి క్షమించమని అడిగాను. పోనీలెండమ్మా అన్నారు కానీ, నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

బాబాయిగారు కూడా బాధపడ్డారు. "ఇన్నేళ్ల లెక్క తప్పంటారా అమ్మా" అన్నారు. తప్పు ఆయనది కాదు. మేం ఎప్పుడూ ఆయన్ని బిల్లువారీగా అడిగింది లేదు. డేటా చూసుకోవడానికి ఒక అమ్మాయిని నెలకు 14,000కి పెట్టుకున్నాం. ఆమె కంప్యూటర్ ముందు, ఆయన పాత చలానా పుస్తకాలతో పక్కన. ఫిబ్రవరి 24 సాయంత్రానికి అయింది.

మర్నాడు ఆడిటరుగారి బల్ల మీద వేసిన లెక్క ఇది. నెల మొదట్లో బాకీ 142 లక్షలు. జనవరి బిల్లులు 46. కలిపితే 188. ఇందులో 31వ తేదీకి ఇంకా గడువు రానివి 38, వాటిని అడగడానికి మనకు హక్కు లేదు, తీసేస్తే 150. అంటే జనవరిలో మా చేతికి రాదగింది కోటిన్నర. నెలాఖరు బాకీ 146, కాబట్టి వచ్చింది 42. నలభై రెండుని నూటయాభైతో భాగిస్తే నూటికి 28. దీన్నే కలెక్షన్ ఎఫెక్టివ్‌నెస్ ఇండెక్స్, సీఈఐ అంటారట.

మావారు కాలిక్యులేటర్ తీసుకుని మళ్లీ వేశారు. మళ్లీ 28. నిన్నటిదాకా 91 అనుకున్నది అదే డబ్బు, అవే పార్టీలు. మా పాత లెక్కలో వెనకటి నెలల బాకీ ఊసే లేదు. ఈ నెల అమ్మకానికి సరిపడా ఏదో ఒక డబ్బు వస్తే చాలని సంతోషపడ్డాం. పాత బాకీ కుప్ప అలాగే ఉండిపోయింది. గడువు దాటిన 108 లక్షలకి మా బ్యాంకు వడ్డీ 11 శాతం లెక్కన నెలకు దాదాపు లక్ష రూపాయలు. నెల నెలా ఇద్దరు ఆపరేటర్ల జీతాల కన్నా ఎక్కువ. పైగా బిల్లు వేశాక డబ్బు వచ్చినా రాకపోయినా 20వ తేదీకి జీఎస్టీ కట్టేస్తూనే ఉన్నాం.

కారులో వస్తూ ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ రాత్రే 108 లక్షలనూ బిల్లు బిల్లుగా ముందేసుకుని, ఎదురుగా "ఎందుకు రాలేదు" అని రాయడం మొదలుపెట్టాను. సగానికి పైగా బిల్లుల దగ్గర ఏం రాయాలో తెలియలేదు. "పార్టీ ఇవ్వడం లేదు" అన్నది కారణం కాదు కదా. తర్వాతి పది రోజులూ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, డబ్బు అడగకుండా ఒక్క ప్రశ్నే వేశాం. "మా బిల్లు మీ దగ్గర ఏ టేబుల్ మీద ఉందండీ?"

వచ్చిన జవాబులతో నా అభిప్రాయమే మారిపోయింది. 31 లక్షల దాకా మా కాగితాల వల్లే ఆగింది. బిల్లు అందలేదు. చలానా మీద సంతకం లేదు. ఐదు ప్లై రేటు మూడు ప్లై పెట్టెలకు పడింది. తడిసిన పెట్టెలు వెనక్కి పంపితే మేం క్రెడిట్ నోట్ (ఆ మేరకు బిల్లు తగ్గించే కాగితం) ఇవ్వలేదు, ఆ ఒక్క 6,000 తేలక రెండు లక్షల బిల్లు మొత్తం పక్కన పెట్టారు. ఇంతకాలం వాళ్లు మమ్మల్ని తిప్పుతున్నారని కోపం పెంచుకున్నాను.

మార్చి 12న హైదరాబాద్ శివార్లలో ఉన్న ఒక మందుల కంపెనీకి స్వయంగా వెళ్లాను. రాత్రి బస్సు, ఆటోలు, భోజనం కలిపి 2,140 రూపాయలు. స్టోర్స్‌లో ఒక కుర్రాడు ఇనుప రాక్ కింది అరలోంచి తెల్ల దారంతో కట్టిన కట్ట తీశాడు. మా బిల్లులే, 11. పై బిల్లు మీద గేటు సెక్యూరిటీ ముద్ర ఊదారంగులో అలికిపోయి ఉంది. ప్రతి దాని మూలనా పెన్సిల్‌తో "పీఓ నం. లేదు" అని రాసి ఉంది. ఆర్డరు నంబరు లేకుండా వాళ్ల సిస్టమ్‌లో సరుకు ఎక్కదు. సరుకు ఎక్కకపోతే బిల్లు అకౌంట్స్‌కి వెళ్లదు. "ఎవరికైనా చెప్పొచ్చు కదా బాబూ" అంటే, "మీవాళ్లు వచ్చినప్పుడు చెబుదామని పెట్టానండీ" అన్నాడు. అందులో ఒక బిల్లు ఆగస్టుది. ఏడు నెలలుగా మా 8.7 లక్షలు ఆ కింది అరలో ఉన్నాయి. వాళ్ల క్యాంటీన్‌లో కూర్చుని 11 బిల్లుల మీదా ఆర్డరు నంబర్లు వేసి, డేటా చూసే అమ్మాయి చేత ఆఫీసు నుంచి మెయిల్ పెట్టించాను. మార్చి 28న డబ్బు మొత్తం ఖాతాలో పడింది. పదహారు రోజులు.

ఫిబ్రవరికి సీఈఐ 30.5. మార్చికి 47. మార్చి వసూలు 71 లక్షలు చూసి ఇంట్లో పండగలా ఉంది. కానీ అందులో మా ప్రతాపం కొంతే. 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 43బి(హెచ్) వల్ల, ఒప్పందం లేకపోతే 15 రోజులు, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల లోపు చిన్న యూనిట్లకు చెల్లించకపోతే, చెల్లించేదాకా ఆ ఖర్చు కంపెనీలకు ఆదాయపు పన్నులో తగ్గదు. మార్చి 20 నుంచి వాళ్ల అకౌంట్స్ వాళ్లే ఫోన్ చేసి "మీ ఉద్యమ్ సర్టిఫికెట్ పంపండి" అన్నారు. ఉద్యమ్ అంటే చిన్న యూనిట్‌గా ప్రభుత్వం దగ్గర నమోదు. మా బిల్లు మీద ఆ నంబరు లేదు. అప్పటికప్పుడు ముద్ర చేయించాం, 350 రూపాయలు. అది వేయని పాత బిల్లులకి సర్టిఫికెట్ కాపీ జత చేసి పంపాం. ముందే ఉండుంటే ఎన్ని ఫోన్లు తప్పేవో.

ఏప్రిల్ వచ్చేసరికి మామిడి. నున్న మార్కెట్‌కి, నూజివీడు వైపు తోటలకి పార్సిల్ పెట్టెలు వెళ్తాయి. ఆ రెండు నెలలే మాకు అసలు సీజన్. అమ్మకం 52 నుంచి 78 లక్షలకి లేచింది. నెలాఖరున మావారు మొహం వెలిగిపోతూ ఫోన్ చూపించారు. డీఎస్‌ఓ, అంటే సగటున ఎన్ని రోజుల అమ్మకం బయట ఉండిపోయిందో చెప్పే లెక్క, మార్చిలో 74 రోజులు, ఏప్రిల్‌లో 56. "చూశావా, 18 రోజులు తగ్గింది." నా కాగితం మీద సీఈఐ 47 నుంచి 40కి పడిపోయింది.

ఆ రాత్రి మా ఇద్దరికీ పెద్ద మాటలే అయ్యాయి. ఏది నమ్మాలి? తెల్లవారుజామున లేచి రెండు లెక్కలూ పక్కపక్కన రాసుకున్నాను. డీఎస్‌ఓకి మొత్తం బాకీని ఆ నెల అమ్మకంతో భాగించి, నెలలోని రోజులతో హెచ్చిస్తాం. అమ్మకం అమాంతం పెరిగితే కింది అంకె పెద్దదై రోజులు వాటంతటవే తగ్గుతాయి. మేం ఒక్క రూపాయి అదనంగా తేనక్కర్లేదు. ఏప్రిల్‌లో జరిగింది అదే. అందరం మామిడి లోడింగ్‌లో పడి పాత బాకీల ఫోన్లు మానేశాం. సీఈఐ ఆ సంగతి పట్టేసింది, ఎందుకంటే గడువు రాని 66 లక్షలను అది ముందే పక్కన పెట్టింది. జూన్‌లో దీనికి తలకిందులు. సీజన్ అయిపోయి అమ్మకం 48కి పడింది, డీఎస్‌ఓ 51 నుంచి 61 రోజులకు పెరిగింది. ఈసారి ఆయన కంగారుపడ్డారు. నిజానికి అప్పటిదాకా మా వసూళ్లలో అది అన్నిటికన్నా మంచి నెల, సీఈఐ 59. మాలాగా సీజన్ వ్యాపారం చేసేవాళ్లు ఒక్క డీఎస్‌ఓనే చూసుకుంటే మంచి నెలలో భయపడి, చెడ్డ నెలలో నిద్రపోతారు.

మే మొదట్లో రెండు మార్పులు చేశాం. గడువు దాటాక చేసే ఫోను, గడువుకి అయిదు రోజుల ముందు చేయడం ఒకటి. "బిల్లు అందిందా అండీ, ఏమైనా తేడా ఉందా" అని మాత్రమే. ఇది అడగడానికి నాకు సిగ్గనిపించలేదు, వాళ్లకీ ఇబ్బంది లేదు. ఎన్నేళ్లుగానో బాకీ అడగాలంటే గొంతు పట్టేసే మనిషిని నేను. అప్పు అడుక్కుంటున్నట్టే ఉండేది. రెండోది, 60 రోజులు దాటిన పార్టీకి కొత్త సరుకు ఆపడం. దీనివల్ల ఇద్దరు వెళ్లిపోయారు, ఒకరు నెలకు మూడు లక్షల పార్టీ. అది నష్టమే. ఇప్పటికీ నాకు బెంగగానే ఉంది.

మావయ్యగారు మొదటిసారి నామీద కోప్పడింది అప్పుడే. తెనాలిలో ఒక స్వీట్ల వ్యాపారి, ఆయనకు ముప్పై ఏళ్ల స్నేహితుడు. అతని సరుకూ ఆగింది. "నేను మాట ఇచ్చానమ్మా. నా మాటకి నువ్వు తాళం వేశావు" అన్నారు. నేను ఎదురు చెప్పలేదు. వెళ్లి లెడ్జర్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. మొదటి బిల్లు 2022 జూన్‌ది. మూడేళ్లు దాటితే కోర్టుకెళ్లే హక్కు కూడా ఉండదని, ఆలోపే అతని చేత బాకీ ఉన్నట్టు రాతపూర్వకంగా సంతకం పెట్టించుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లని ఆడిటరుగారు చెప్పింది వివరించాను. ఆయన చాలాసేపు ఆ పేజీ చూశారు. మే 26న ఆయనే వెళ్లి బ్యాలెన్స్ కాగితం మీద సంతకం చేయించుకొచ్చారు. డబ్బు రాలేదు.

మే 19న ఇంకో పని చేశాను. ఒక కంపెనీ 14 లక్షలు ఏడాదిగా ఇవ్వడం లేదు, కాగితాల్లో మా తప్పేం లేదు. చిన్న యూనిట్లకు రావాల్సిన బాకీల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఎంఎస్‌ఎంఈ సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. బిల్లులు, ఆర్డర్లు, చలానాలు స్కాన్ చేసి ఎక్కించడానికి రెండు సాయంత్రాలు. చట్టప్రకారం వడ్డీ ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెల నెలా చక్రవడ్డీ. లెక్కవేసి రాసేటప్పుడు కొండంత ధైర్యం వచ్చింది. ఇది రాస్తున్న రోజుకి మూడున్నర నెలలు, విచారణ తేదీ ఇంకా రాలేదు. ఫిర్యాదు కాపీ వాళ్ల ఫైనాన్స్ హెడ్‌కి మెయిల్ చేసిన తొమ్మిదో రోజున మాత్రం నాలుగు లక్షలు వేశారు. మిగతా పది అలాగే ఉంది.

జులై లెక్కలో నేను పొరబడ్డాను, అది దాచకూడదు. మూతపడిపోయిన ఒక పార్టీ దగ్గర ఆరు లక్షలు. ఇక రావని తేలిపోయి రాని బాకీగా కొట్టేశాం. అమ్మినప్పుడు మేం కట్టిన జీఎస్టీ కూడా తిరిగి రాదని విన్నప్పుడు రెండోసారి దెబ్బ తగిలినట్టైంది. ఆ నెల సీఈఐ 63 వచ్చింది. మావారికి చెప్పాను, మావయ్యగారికి చెప్పాను. రాత్రి పడుకున్నాక అనుమానం వచ్చి లేచాను. నెలాఖరు బాకీ తగ్గితే సూత్రం దాన్ని వసూలుగానే చూస్తుంది, డబ్బు వచ్చి తగ్గిందా, మనం కొట్టేస్తే తగ్గిందా దానికి తెలియదు. బ్యాంకులో పడింది 62 లక్షలు, సూత్రం 68 అనుకుంది. సరిచేస్తే 57. జూన్ కన్నా తక్కువ. క్రెడిట్ నోట్లకీ ఇదే ప్రమాదం. అప్పటి నుంచి నెలాఖరున వసూలు అంకెను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పోల్చాకే కాగితం మీద పెడుతున్నాం. పొద్దున్న లేచి ఇద్దరికీ 57 అని చెప్పడం కష్టంగా అనిపించింది, కానీ చెప్పాను.

సెప్టెంబరు 1న ఆగస్టు లెక్క. మొదట్లో బాకీ 74 లక్షలు, బిల్లులు 47, గడువు రానివి 35, రాదగింది 86, వచ్చింది 58. సీఈఐ 67.4. ఆడిటరుగారు 80 దాటాలి అంటున్నారు, ఈ ఏడాదిలో దాటుతామని నేను అనుకోవడం లేదు. కానీ జనవరిలో 146 ఉన్న బాకీ ఇప్పుడు 63. జులై 14న నా గొలుసు, గాజులు విడిపించుకున్నాను. రీళ్ల పార్టీకి ఆగస్టులో రోజు ముందే డబ్బు వేస్తే, అడగకుండానే రెండు శాతం తగ్గించాడు. తొమ్మిది లక్షల బిల్లు మీద 18,000.

ఖర్చు అడిగేవాళ్ల కోసం చెబుతున్నాను. ఆడిటరుగారికి 15,000, అమ్మాయి జీతం ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా 98,000, ప్రయాణాలకి 22,000 దాకా. సాఫ్ట్‌వేర్ ఏదీ కొనలేదు. ట్యాలీ, ఒక ఎక్సెల్ కాగితం చాలాయి.

ఇప్పుడు ఒకటో తారీఖున కాగితం మొదట మావయ్యగారి చేతికే వెళ్తుంది. మొన్న ఆయన ఎర్ర పెన్నుతో తెనాలి పేరు చుట్టూ గీత గీసి, "ఇది నా బాకీ అమ్మాయ్, నేను చూసుకుంటాను" అన్నారు. గురువారం పొద్దున్నే ప్యాసింజర్‌కి వెళ్లి సాయంత్రం వచ్చారు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన చెక్కు తీసి నా బల్ల మీద పెట్టారు. 85,000. తేదీ సెప్టెంబరు 10. బిల్లు నంబరు వెనక ఆయనే రాసి తెచ్చారు.